విద్యుత్తుతో తీసిన పోగు - మన మగ్గము

గత శ్రావణమునకు ముందు ఒక వర్తకుడు నాగరగెరెలోని మా సంఘమునకు వచ్చి, "ఈ ద్రవమును చీరపై చల్లినచో నీరు నిలువదు, మరక అంటదు, ఇది నానో పూత" అని చెప్పెను. ఒక పట్టుముక్కపై వేయించి చూచితిమి. మొదటి దినము నీరు తామరాకుపై వలె జారిపోయినది. మంచినీళ్లలో నాలుగుసార్లు జాడించునప్పటికి ఆ గుణము పోయినది. పైగా పట్టు అట్టవలె బిరుసెక్కినది. ఆ ద్రవమును మేము కొనలేదు. కాని నానో అనగా నేమి, అది మన వృత్తికి మేలా, కీడా అని సభ్యులు అడిగిరి. తెలిసినంత వ్రాయుచున్నాము.

పోగు, పూత మనకు కొత్తవి కావు. శిడ్లఘట్ట మార్కెట్టులో చూచు పట్టుగూటిలోనే రెండును కలవు. పురుగు తీయు రెండు సన్నని పోగులను ఒక జిగురు కప్పియుండును. గూటిపట్టు బరువులో ఈ జిగురు నూటికి 20 నుండి 30 పాళ్లు. సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి దానిని తీసినప్పుడే పట్టుకు మెరుపు వచ్చును. నూలు పడుగుకు పెట్టు గంజియు పూతయే. జరీలో వెండి మీది బంగారు మెరుగును పూతయే. గంజి ఉతికిన పోవలెను. జరీ మెరుగు నిలువవలెను.

ఇప్పటి కొత్త సంగతి పోగు యొక్క సన్నదనము. మీటరులో 100 కోట్లవ వంతును నానోమీటరు అందురు. నానోపోగు మన వెంట్రుకలో 100వ వంతుకంటెను సన్నము. ఈ శాస్త్రమున పేరెన్నికగన్నవారిలో శ్రీ సీరం రామకృష్ణ గారొకరు. వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు, మద్రాసు ఐ.ఐ.టి.లోను, కేంబ్రిడ్జిలోను పై చదువులు చదివి, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 2005లో సహచరులతో కలిసి ఈ విద్యపై ఒక గ్రంథము ప్రకటించిరి.

పద్ధతి యిది. ప్లాస్టిక్కు వంటి పదార్థమునో, పట్టునో కరగించి సూదిగొట్టములో పోయుదురు. దానికి 10 నుండి 30 వేల వోల్టుల విద్యుత్తు తగిలింతురు. సూది మొనయందలి బొట్టు సాగి, సన్నని ధారయై, గాలిలో కొరడావలె తిరుగుచు ఆరి, ఎదుటి రేకుపై పోగై పడును. అమెరికాలో 1902లోనే దీనికి పేటెంటు లభించినది. ప్రపంచమంతట వ్యాపించినది మాత్రము 1990 తర్వాతనే.

ఈ పోగును మనము కండెకు చుట్టలేము. రేకుపై చిక్కుపడి దూదిపొరవలె పేరుకొనును. పడుగు లేదు, పేక లేదు. మరమగ్గము మన అంచును, బుటాను అనుకరించినట్లు ఇది అనుకరింపజాలదు. కనుక మన చీరకు పోటీ కాదు. దాని పని గాలిలోని దుమ్మును వడకట్టుట, గాయములకు కట్టగుట వంటిది. విశేషమేమనగా, జిగురు తీసిన పట్టును కరగించి ఇట్టి పొరలు తీసి, గాయము మానుటకు ఉపకరించునా యని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. దారము తీయ వీలులేని చిల్లుగూళ్లలోను ఉన్నది ఆ పట్టే. రేపు అది ధర తెచ్చునో లేదో చెప్పజాలము గాని గమనింపదగిన విషయము.

మనము జాగ్రత్త పడవలసినది పూతల యెడల. నీరు నిలువని పూతలు కొన్నిటియందు ఫ్లోరిన్ రసాయనములుండును. అవి నేలలో, నీటిలో ఏండ్ల తరబడి నశింపవు. అట్టి ఒక వర్గముపై ఐరోపా సమాజము 2024లో కట్టడి విధించినది. పూత వేసిన చీరను విదేశములకు పంపువారు దీనిని మరువరాదు.

కనుక పూత అమ్మువారిని మూడు ప్రశ్నలు అడుగుడు. ఇందులో ఏ రసాయనమున్నది? ఎన్ని ఉతుకులకు నిలుచును? ఆ మాట వ్రాసి యిత్తురా? వ్రాసి యిచ్చినను మొదట ముక్కపైననే వేయుడు, చీరపై వద్దు. ఆ ముక్కను బెంగుళూరులోని కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థలో పరీక్షింపజేయుట మేలు. చీర చెడినచో కొన్నవారు పూతవానిని వెదకరు. మన గడపకే వత్తురు.

ఇట్టి పూతలు వాడి చూచిన సంఘములు తమ అనుభవమును ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన.