చేను ఎవరిది?

మా పర్చూరు ప్రాంతంలో వెనకటి తరం ఇల్లాళ్ళకు "కమ్యూనిస్టు" అన్న మాటకు రెండే అర్థాలు తెలుసు. గుడికి రానివాడు, పురోహితుడు లేకుండా దండల పెళ్ళి చేసుకునేవాడు అన్నది ఒకటి. మన చేను లాక్కుని ఊళ్ళోవాళ్ళకు పంచేవాడు అన్నది రెండోది. మొదటిదానికి వాళ్ళు పెద్దగా బాధపడలేదు. కొడుకులు గుడికి రాకపోయినా అన్నం వేళకు ఇంటికి వచ్చేవారు గనుక సరిపెట్టుకున్నారు. రెండో అర్థమే వాళ్ళకు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ భయంలో నిజమెంత? ఆస్తి గురించీ, శ్రమ గురించీ, ప్రభుత్వం గురించీ కమ్యూనిస్టులు అసలు నమ్మేదేమిటి? ఇది సావకాశంగా చెప్పుకోదగిన సంగతి. నేను ఏ పార్టీ సభ్యుణ్ణీ కాను. నల్లరేగడిలో మూడెకరాలు ఉండి, గుంటూరులో కాపురం చేసుకుంటున్నవాణ్ణి. ఆ మూడెకరాల మూలంగా ఈ ప్రశ్న నాకు వట్టి పుస్తకాల ప్రశ్నగా మిగల్లేదు. ఆ ముచ్చట తరవాత చెబుతాను.

1848లో మార్క్సూ ఎంగెల్సూ వెలువరించిన కమ్యూనిస్టు ప్రణాళిక సొంత ఆస్తిని రద్దు చేయాలని చెప్పిన మాట నిజమే. అయితే ఏ ఆస్తిని? మనిషి తాను వాడుకునే వస్తువు వేరు, ఇతరుల శ్రమను తన పెట్టెలోకి రాబట్టే ఆస్తి వేరు అని వాళ్ళ వాదం. మీ ఇల్లు, మీ మంచం, మీ ఆవిడ మెడలో గొలుసు మొదటి రకం. వాటి జోలి వాళ్ళకు అక్కర్లేదు. ఫ్యాక్టరీలు, గనులు, బ్యాంకులు, వందల ఎకరాల భూములు రెండో రకం. ఇవి కొద్దిమంది చేతుల్లో ఉన్నంతకాలం తక్కినవాళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కక తప్పదు, కూలి బేరంలో ఓడిపోకా తప్పదు. అందుచేత అవి సమాజం మొత్తానికి చెందాలన్నది సిద్ధాంతం.

మరి రెండెకరాలు తన చేత్తో దున్నుకునే రైతు ఎక్కడ నిలబడతాడు? అతనికి భూమి ఉంది, నాగలి ఉంది. కాని ఎవరి కష్టమూ తినడం లేదు. ఈ చిక్కు ఎంగెల్సుకు తెలుసు. 1894లో ఫ్రాన్సు, జర్మనీ రైతులను గురించి వ్రాస్తూ, చిన్న రైతు భూమిని బలవంతాన తీసుకునే ఆలోచన తమకు లేదన్నాడు. సహకార వ్యవసాయంలో లాభమేమిటో చేసి చూపించాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే, తన చెక్క మీదే కూర్చుని ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి ఇవ్వాలి అన్నాడు.

స్టాలిన్ ఆ వ్యవధి ఇవ్వలేదు. 1929 చివరినుంచి రష్యా రైతులను సమష్టి క్షేత్రాల్లోకి బలవంతంగా తోలారు. 1932-33 కరువులో ఉక్రెయిన్‌లోనూ ఇతర ప్రాంతాలలోనూ లక్షలకు లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. చైనాలో 1958లో కమ్యూన్లు పెట్టారు, వాటి వెంటనే మహా కరువు వచ్చింది. 1980 తరవాత కమ్యూన్లు ఎత్తివేసి చేలను మళ్ళీ కుటుంబాలకే సాగుకిచ్చారు. కాబట్టి మా ఇల్లాళ్ళది వట్టి పిరికితనం అనడానికి వీల్లేదు.

అయితే మన గడ్డమీద జరిగిన కథ వేరు. ఇక్కడికి ఆ సిద్ధాంతాన్ని మోసుకొచ్చినవాళ్ళలో చాలామంది భూమి ఉన్న ఇళ్ళ పిల్లలే. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టాడు. తన వంతుకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశాడు. రేపల్లె దగ్గర తూర్పుపాలెంలో 1914లో పుట్టిన మాకినేని బసవపున్నయ్య పార్టీ పండితుడనిపించుకున్నాడు. 1951లో రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చిన నలుగురిలో ఆయన ఒకడు. 1937 వేసవిలో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో, సముద్రపుటొడ్డున, కుర్రవాళ్ళకు రాజకీయాలూ అర్థశాస్త్రమూ చెప్పడానికి పాఠశాల పెడితే ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

వీళ్ళకు ఎదురు నిలిచినవాడూ ఈ మైదానం మనిషే. నిడుబ్రోలు ఆచార్య రంగా 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు కమ్యూనిస్టులతో కలిసి పనిచేశాడు. తరవాత దారులు వేరయ్యాయి. రైతుకు భూమి మీద ఉన్న మమకారాన్ని దోషంగా చూసేవాళ్ళు రైతును ఎన్నటికీ అర్థం చేసుకోలేరని ఆయన ఉద్దేశం. 1959లో కాంగ్రెసు నాగపూరులో సహకార వ్యవసాయ తీర్మానం చేస్తే, ఆ ఏడే పుట్టిన స్వతంత్ర పార్టీకి ఆయన అధ్యక్షుడయ్యాడు.

మా ఇంట్లోనే ఈ రెండు పక్షాలూ ఉండేవి. మా తాతయ్య రంగాగారి మనిషి, చిన్నతాతయ్య కమ్యూనిస్టు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు చిన్నతాతయ్య గట్టు దగ్గర జానెడు నేల కూడా వదల్లేదట. "ఏమిట్రా, ఆస్తి వద్దనేవాడివి కదా?" అని తాతయ్య దెప్పితే, "ఆస్తి పోయేదాకా సమానంగా పంచుకోవడమే న్యాయం, అన్నయ్యా" అన్నాడట. ఇంట్లో దీన్ని చెప్పుకుని నవ్వేవారు గాని, నాకు మాత్రం అందులో మన కమ్యూనిజం సారమంతా కనిపిస్తుంది.

ఎలాగంటే, తెలంగాణా సాయుధ పోరాటంలో పార్టీ చేతికి వచ్చిన గ్రామాలలో ఏం చేశారో చూడండి. సమష్టి క్షేత్రాలు పెట్టలేదు. ఒక కుటుంబానికి ఇంత భూమి అని హద్దు పెట్టారు. మొదట 500 ఎకరాలతో మొదలుపెట్టి అంతకంతకు తగ్గించారు. ఆపైన ఉన్నదీ, బంజరూ తీసి భూమి లేనివాళ్ళకు పంచారు. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాలలో పది లక్షల ఎకరాలు. అంటే ఆస్తిని రద్దు చేస్తారని పేరుపడ్డవాళ్ళు ఆచరణలో చేసింది ఆస్తిపరుల సంఖ్యను పెంచడం! "దున్నేవాడికే భూమి" అన్న నినాదం విన్న పాలేరు కోరుకున్నది ప్రభుత్వ క్షేత్రంలో ఉద్యోగం కాదు, తన పేర ఒక పట్టా.

ఈ తేడాను 1955 ఎన్నికల్లో ఎవరూ తాపీగా వినలేదు. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఫిబ్రవరిలో ఎన్నికలు. కమ్యూనిస్టులు రాజ్యానికి వస్తారని ఢిల్లీదాకా కంగారు. కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపార్టీలు ఒక్కటయ్యాయి. సరిగ్గా ఆ సమయంలో మాస్కో ప్రావ్దా పత్రిక నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ వ్రాసేసరికి ఇక్కడి కామ్రేడ్ల నోట మాట రాలేదు. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చాయి; అయినా 196 సీట్లలో దక్కినవి 15. చేను పోతుందన్న భయం ఓట్లపెట్టెలో ఎంత బరువు తూగుతుందో అప్పుడు తెలిసింది.

ఇక ప్రభుత్వం మాట. మామూలుగా మనం ప్రభుత్వాన్ని పెద్దమనిషిగా భావిస్తాం, ఇద్దరు తగువులాడితే తీర్పు చెప్పేవాడన్న మాట. కమ్యూనిస్టులు దాన్ని ఒప్పుకోరు. పోలీసు, కోర్టు, కచేరీ అన్నీ ఆస్తిగల వర్గం చేతిలో పనిముట్లే అంటారు. శ్రామికులు దాన్ని చేజిక్కించుకోవాలి, వర్గాలు పోయాక అది తనంత తానే వాడి రాలిపోతుంది అన్నది వాళ్ళ నమ్మకం. ప్రపంచంలో ఎక్కడా అది ఇంతవరకు రాలలేదు. రష్యాలో ఏడు దశాబ్దాలు అంతకంతకు లావెక్కి, 1991లో ఒక్కసారిగా కూలింది.

ఈ ప్రశ్న మీదనే పార్టీ రెండు ముక్కలయింది. ఆ ముక్కలయిన చోటు మన తెనాలి. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి నుంచి 32 మంది లేచి వచ్చారు. జూలైలో తెనాలిలో వాళ్ళ మహాసభ జరిగింది. ఆ ఏడాది చివర కలకత్తాలో మార్క్సిస్టు పార్టీ ఏర్పడితే సుందరయ్య ప్రధాన కార్యదర్శి అయ్యాడు. చైనా తగాదా ఒక కారణమే గాని, లోపలి తగువు భారత ప్రభుత్వం ఎవరిది అన్నది. దేశీయ పెట్టుబడిదారులలో మంచివాళ్ళతో కలిసి నడవవచ్చునని ఒక పక్షం, పెద్ద పెట్టుబడిదారులూ భూస్వాములూ ఏలే రాజ్యంతో పొత్తేమిటని రెండో పక్షం. కృష్ణాజిల్లా చండ్ర రాజేశ్వరరావు పాత పార్టీలోనే ఉండి దానికి పాతికేళ్ళు నాయకత్వం వహించాడు. ఆ రెండూ చాలవన్నవాళ్ళు అడవి దారి పట్టారు. పల్నాటి గుత్తికొండ బిలంలో 1969లో చారు మజుందార్ మన విప్లవకారులను కలుసుకున్నాడు.

వాళ్ళ సంగతి అలా ఉంచితే, భూమి మీద చట్టాలు చేసింది మాత్రం కమ్యూనిస్టులు కారు. 1973 భూసంస్కరణల చట్టం కాంగ్రెసు హయాంలో వచ్చింది. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు హద్దు. చట్టం వస్తుందని ముందే తెలిసి ఎంతమంది మేనల్లుళ్ళూ, వియ్యంకులూ రాత్రికి రాత్రి భూస్వాములయ్యారో మా ఊరివాళ్ళను అడగండి. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితానుంచి తీసేసినది కూడా 1978లో జనతా ప్రభుత్వమే.

మిగిలింది శ్రమ. ఇక్కడే నాకు సిద్ధాంతం పొలంలోకి దిగినట్టు కనిపిస్తుంది. ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా చేసిన పనివల్ల పది రూపాయల విలువ పుట్టిందనుకోండి. చేతికి నాలుగు వచ్చాయి. ఆ నాలుగూ రేపు మళ్ళీ పనికి రావడానికి తిండికీ బట్టకూ సరిపోతాయి. మిగిలిన ఆరూ ఎక్కడికి పోయాయి? అవే లాభమూ, వడ్డీ, కౌలూ అనే పేర్లతో పంపకమవుతాయని మార్క్సు లెక్క.

మా వైపు మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాలనుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. బడి మాన్పించి పిల్లలనూ తెచ్చుకుంటారు. చేల పక్కనే గుడారాలు. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. కళ్ళాల్లో ఆరబోసిన కాయలోనుంచి తాలుకాయ ఏరే ఆడవాళ్ళు రాత్రి ఒళ్ళు మండి నిద్రపోలేరు. ఆ కాయ టిక్కీలకెత్తితే గుంటూరు యార్డుకు వెళుతుంది. అక్కడ ముఠా కూలీలు వీపున మోస్తారు.

ఇంతవరకు మార్క్సు లెక్క సరిపోయింది. కాని ఈ కోత కూలీల యజమానిని వెతికి చూడండి. తరచు అతను కౌలు రైతే. ఎకరం సొంతం, నాలుగెకరాలు కౌలు. కోతలప్పుడు ఇరవై మందికి కూలి ఇస్తాడు, పని లేనప్పుడు అతని భార్య పక్క చేనికి కూలికి పోతుంది. ఎరువులు, పురుగుమందులు అప్పు. ఆ అప్పు ఇచ్చిన కమిషన్ దుకాణానికే కాయ వెయ్యాలి. ఇతను దోచుకునేవాడా, దోపిడీకి గురయ్యేవాడా? పేద రైతు, మధ్యతరగతి రైతు, ధనిక రైతు అని పార్టీ పుస్తకాలు గీసిన గీతలు మూడూ ఇతని ఒంటిమీదుగానే పోతాయి. ఆరు రూపాయల్లో ఇతనికి దక్కేది తక్కువ. చీడా పీడా లేకుండా, ధర పడిపోకుండా ముందుగానే చేతికి వచ్చేది కౌలు ఒక్కటే. అది పుచ్చుకునేవాళ్ళం మాలాంటి పట్నవాసులం.

ఇప్పుడు మూడెకరాల ముచ్చట. 2021లో మిరపకు నల్ల తామర పురుగు పడింది. పూత పూతంతా మాడిపోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఎన్నో చేలు దున్నేశారు. మా చేను చేసే అతను ఎకరాకు రూ. 30,000 చొప్పున కౌలు నాకు ముందే కట్టాడు. పంట పోయింది అతనికి. కాని రికార్డులో పేరు నాది. బ్యాంకు అప్పు కావాలన్నా, నష్టపరిహారం రావాలన్నా అతను సాగుచేస్తున్నట్టు కాగితం ఉండాలి. 2011లో ఒక చట్టం, 2019లో ఒక చట్టం ఇందుకోసమే వచ్చాయి. రెండింటి పేర్లలోనూ "కౌలు" అన్న మాట లేకుండా జాగ్రత్తపడ్డారు! ఒకదానిలో "లైసెన్సు సాగుదారు", రెండోదానిలో "పంట సాగుదారు". 2019 చట్టం కింద కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి.

2022లో అతను ఆ కాగితం పట్టుకుని గుంటూరు వచ్చాడు. "బాబాయ్‌గారూ, మీరు సంతకం పెడితేనే కార్డు ఇస్తారట" అన్నాడు. అప్పుడు మా పినతండ్రి కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. నన్ను లోపలికి పిలిచి, "అన్నయ్యా, కాగితం మీద అతని పేరు పడితే చేను పోయినట్టే. పెట్టకు" అన్నాడు. చిత్రమేమిటంటే వీడు ఆ కమ్యూనిస్టు చిన్నతాతయ్యకు సొంత మనమడు.

కాగితం తెచ్చి ఇద్దరం చదివాం. గడువు 11 నెలలు. హక్కు పంట మీదే, భూమి యాజమాన్యానికి భంగం లేదు. మా తమ్ముడు రెండుసార్లు చదివి కూడా తల అడ్డంగానే ఊపాడు. నేను సంతకం పెట్టాను.

అతను కాగితం మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు గాని లేవలేదు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, "కార్డు సంగతి అయింది, బాబాయ్‌గారూ. మరి కౌలు సంగతి?" అన్నాడు. ఎకరాకు రూ. 5,000 తగ్గించమని అడిగాడు. 3,000 తగ్గించాను. మిగిలిన రెండువేల మీద ప్రతి ఉగాదికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం.