గోధుమతల గల్ పక్షి

శీతకాలమున పులికాట్ సరస్సునందును, కోస్తా తీరమందును గల్ పక్షులు గుంపులుగా నెగురుచుండును. వాని వీపు లేత బూడిదవన్నె, కాళ్లు ఎరుపు. వీనిలో నొక జాతిని శాస్త్రజ్ఞులు ‘గోధుమతల గల్’ అందురు. కాని తల చూడగా తెలుపే. చెవికడ నొక నల్లని మచ్చ మాత్రమే యుండును. మరి యా పేరెట్లు కలిగెను?

ఇది వలసపక్షి. వేసవిలో లడఖ్, టిబెట్టు మొదలగు ఎత్తైన పీఠభూములలోని సరస్సులకడ గూళ్లు కట్టి పిల్లలను పెంచును. అప్పుడే దాని తలపై గోధుమవన్నె ముసుగు ఏర్పడును. చలికాలము రాగా ముసుగును విడిచి, భారతదేశ, శ్రీలంక తీరములకు దిగివచ్చును. ఎదిగిన పక్షి నల్లని రెక్కకొనలలోని తెల్లని చుక్కలు మాత్రము రెండు ఋతువులందును నిలిచియుండును. కావున దానిని గుర్తించుటకు తలకంటె రెక్కయే నమ్మదగిన ఆనవాలు.

నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దీనిని 1840లో మొదట వర్ణించి, ‘లారస్’ అను ప్రజాతిలో చేర్చెను. 2005లో వెలువడిన జన్యుపరిశోధన ననుసరించి ఇది ‘క్రోయికోసెఫాలస్’ ప్రజాతికి మార్చబడినది. పల్లాస్ గల్ పక్షికిని వేసవిలో నల్లని ముసుగు కలదు. అయినను దాని ప్రజాతి వేరు. పైవన్నె ఒక్కటియే బంధుత్వమును తెలుపజాలదు. వంశమును పరిశీలించిననే నిజము తేలును.