క్షిపణిలో బియ్యపు గింజ

ఈ మధ్య ఓ పాత సర్క్యూట్ బోర్డును భూతద్దం కింద పెట్టి చూశాను. బియ్యపు గింజకన్నా చిన్నవైన గోధుమరంగు ముక్కలు బారులు తీరి ఉన్నాయి. అవే సిరామిక్ కెపాసిటర్లు. సరఫరాలోని ఒడుదొడుకులను అణచి, చిప్‌లకు నిలకడైన విద్యుత్తు అందిస్తాయి.

వీటిలో చాలావాటికి ముడిసరకు బేరియం టైటనేట్. కొద్ది చోటులో ఎక్కువ విద్యుదావేశాన్ని నిల్వచేయడం దాని బలం. ఉష్ణోగ్రతను బట్టి ఆ సామర్థ్యం మారిపోవడం దాని బలహీనత. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. సియాచిన్‌లో మైనస్ 50 డిగ్రీల చలిని తట్టుకోవాల్సిన రేడియోకైనా, గాలి రాపిడితో వేడెక్కే క్షిపణికైనా ఈ చాంచల్యం ప్రమాదకరమే.

అందుకే ఇతర ఆక్సైడ్లను కొద్దిపాళ్లలో కలుపుతారు. అప్పుడు రేణువు నడిమి భాగం ఒకలా, పైపొర మరోలా స్పందించి, మొత్తం మీద మార్పు తగ్గుతుంది. ‘ఎక్స్7ఆర్’ రకంలో మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకు ఉష్ణోగ్రత వల్ల వచ్చే మార్పు 15 శాతం దాటదు. ‘సీ-జీరో-జీ’ రకం ఇంకా నిలకడైనది. అదే పరిమాణంలో నిల్వ మాత్రం తక్కువ.

ఈ రంగంలో జపాన్, దక్షిణ కొరియా, తైవాన్ సంస్థలదే పైచేయి. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో రూ.22,919 కోట్ల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. అయితే పొడి శుద్ధి, పాళ్ల కూర్పు, కొలిమిలో కాల్చే నేర్పు కూడా మన చేతికి రావాలన్నది నా మాట. క్షిపణి మనదై, అందులోని గింజ పరాయిదైతే, యుద్ధవేళ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?