ఇంటి వడ్రంగిశాలలో రంపపు ధూళి

వడ్రంగము సాగు ఇంట నేలపై రాలిన పొట్టును ఊడ్చి, అంతటితో శుభ్రమైనదని తలచుట వాడుక. కంటికి కనబడు పొట్టు కన్న గాలిలో తేలియాడు సన్నని ధూళియే హానికరము. చీపురు దానిని మరల ముక్కువరకు లేపును. కర్రధూళిని క్యాన్సర్ కారకముగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో పేర్కొన్నది.

దీనికై పెద్ద యంత్రము కొననక్కరలేదు. రంపపు యంత్రమునకు, వాక్యూమ్ క్లీనరుకు నడుమ మూత బిగిసిన డ్రమ్ము నొకటి ఉంచి, మూతపై గరాటు ఆకారపు సైక్లోన్ అమర్చవలెను. అందు గాలి సుడి తిరుగగా బరువైన పొట్టు గోడకు తగిలి డ్రమ్ములోనికి జారును. ఫిల్టరు త్వరగా పూడదు, పీల్చు బలము తగ్గదు. పలుచని డబ్బా ఆ పీల్పునకు లోనికి నొక్కుకొనిపోవును గనుక గట్టిదే తేవలెను. గొట్టము పొట్టిగా, వంపులు తక్కువగా ఉండవలెను.

అతి సన్నని ధూళి మాత్రము సైక్లోనును దాటిపోవును. కావున డ్రమ్ము పాతదైనను సరే, ఫిల్టరు విషయమున పొదుపు వలదని మా అభిప్రాయము. ఉప్పుకాగితము రుద్దునపుడు మాస్కు కూడ తప్పదు.