పంటి వైద్యము – అంటు రోగములు

నూజివీడు ప్రాంతమున 'అంటు' అను మాట అందరికిని పరిచితమే. చిన్నరసము కొమ్మను టెంకమొక్కకు చేర్చి అంటు కట్టుదురు. కత్తి శుభ్రముగా లేనిచో అంటు కుళ్ళునని తోటమాలి యెరుగును. ఒకరి రోగము మరియొకరికి సోకుటను కూడ మనము అంటు అనియే అందుము. పంటి వైద్యశాలలో ఈ రెండవ అంటు ఎట్లు కలుగునో, దాని నెట్లు నివారింపవచ్చునో ఇచట వివరింపదలచితిమి.

పన్ను తీసినపుడును, చిగురు కోసినపుడును రక్తము వచ్చును. ఆ రక్తమున హెపటైటిస్ బి, సి వైరసులు గాని, హెచ్.ఐ.వి. గాని ఉండవచ్చును. వీనిలో బి వైరసు మిక్కిలి మొండిది. ఎండిన రక్తపు మరకలో సైతము కనీసము 7 దినములు అది బ్రతికియుండగలదు. ఈ వైరసులున్నవారు పలుమారు ఆరోగ్యవంతులవలెనే కనబడుదురు. కావున ముఖము చూచి జాగ్రత్తపడుట కుదరదు. వైద్యుడు ప్రతి రోగి యెడలను ఒకే విధమైన జాగ్రత్త వహింపవలెను. బి రకమునకు టీకా కలదు. వైద్యశాలలో పనిచేయు వారందరును దానిని వేయించుకొనవలెను.

పరికరములను నీటిలో మరగించినచో చాలునని పలువురి నమ్మకము. మరగు నీటిలో అనేక క్రిములు చచ్చును గాని, కొన్ని బాక్టీరియాల స్పోరులు చావవు. అందులకే ఆటోక్లేవు అవసరము. ఇది ప్రెషర్ కుక్కరు వంటిది. ఒత్తిడిలోని ఆవిరితో పనిచేయును. ముందుగా పరికరములపై రక్తము లేకుండ కడిగి, పొట్లములలో కట్టి, 121 డిగ్రీల వేడిలో 15 నిమిషములైనను, 134 డిగ్రీలలో 3 నిమిషములైనను ఉంచవలెను. పన్ను తొలుచు యంత్రపు పిడికిని ఇదియే నియమము.

పరికరములతోపాటు, గాయమును కడుగు ద్రవము కూడ శుద్ధముగా నుండవలెను. ఇందులకు చిత్తూరు సీమకు చేరువనున్న తమిళనాటి వాణియంబాడిలో 2023లో జరిగిన విషాదమే నిదర్శనము. అచటి ఒక దంతవైద్యశాలకు పోయినవారిలో 10 మందికి మెలియాయిడోసిస్ మెదడునకు సోకినది. వారిలో 8 మంది మరణించిరి. ఇది తడినేలలో, నీటిలో నివసించు బాక్టీరియా వలన వచ్చు జబ్బు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు మున్నగువారు కారణమును వెదకిరి. చిగుళ్ళ పనికి వాడు పరికరముతోనే సెలైను సీసాను తెరచి, వదులుగా మూసి, మిగిలిన ద్రవమును మరల వాడుచుండిరని తేలినది. పొదుపు చేసినది కొద్దిపాటి ఉప్పునీరు మాత్రమే!

మరి రోగి చేయదగినదేమి? పరికరముల పొట్లమును తన యెదుట విప్పుమని అడుగవచ్చును. చేతితొడుగులు క్రొత్తవా, సూదియు మత్తుమందు గుళికయు తనకొరకే తెరచినవా, సెలైను అప్పుడు తెరచినదా అని విచారింపవచ్చును. తనకున్న జబ్బులను దాచక చెప్పవలెను. రసముల గంప కొనునపుడు మచ్చపడిన కాయను కంటితో చూచి ఏరివేయుదుము; పరికరముపైనున్న క్రిమి కంటికి కనబడదు. కావున అడుగుటకు మొగమాటపడరాదు. మంచి వైద్యుడు ఇట్టి ప్రశ్నకు కోపగింపడు; ఆటోక్లేవును తానే చూపును.