వండి పంపిన టీకా, చీటీ పంపిన టీకా

2021 వేసవిలో టీకా కేంద్రాల ముందు వరుసల్లో తరచూ వినిపించిన ప్రశ్న: “ఇవాళ ఏది వేస్తున్నారండీ, కోవాగ్జినా, కోవిషీల్డా?” పేర్లు అందరికీ నోటికొచ్చాయి. తేడా ఎక్కడుందో తెలిసింది కొందరికే.

కరోనా వైరస్ ఒంటినిండా ముళ్లలాంటి ప్రోటీన్లు ఉంటాయి. మన కణంలోకి అది దూరేది ఈ ‘స్పైక్’ ముల్లుతోనే. ఆ ముల్లును ముందే చూపించి ఉంచితే, అసలు వైరస్ వచ్చినప్పుడు శరీరం ఇట్టే పోల్చుకుంటుంది. ఈ టీకాలన్నీ చేసేది ఇదే. కొన్ని ముల్లును వండి పంపుతాయి, కొన్ని వంట చీటీ ఇచ్చి మన ఒంటిచేతే వండిస్తాయి.

వండి పంపడం పాత పద్ధతి. 1955లో వాడుకలోకొచ్చిన సాల్క్ పోలియో టీకాదీ ఇదే దారి. ఐసీఎంఆర్‌తో కలిసి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన కోవాగ్జిన్‌లో ఉండేది రసాయనంతో చంపిన పూర్తి వైరస్. అదే నగరంలోని బయలాజికల్ ఇ వారి కోర్బెవ్యాక్స్‌లో పూర్తి వైరస్ కూడా ఉండదు, ఈస్ట్‌లో తయారుచేసిన చిన్న ముల్లు ముక్క మాత్రమే. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు వేసింది దీన్నే. ఇలాంటి ప్రాణంలేని సరుకును శరీరం అంతగా లెక్కచేయదు కనుక, దాన్ని తట్టిలేపే పదార్థాన్ని రెండింట్లోనూ కలుపుతారు.

ఇక చీటీ పంపే టీకాలు. కోవిషీల్డ్‌లో చీటీ మోసేది చింపాంజీల అడినోవైరస్. మన ఒంట్లో పెరగకుండా దాన్ని ముందే మార్చి, ముల్లు తయారుచేసే జన్యువును అందులో పెట్టారు. ఇందులో ఒక చిక్కుంది. శరీరం చీటీతోపాటు తెచ్చినవాణ్నీ గుర్తుపెట్టుకుని, రెండోసారి గుమ్మంలోనే ఆపేయవచ్చు. అందుకే స్పుత్నిక్ వి రెండు డోసుల్లో రెండు వేర్వేరు అడినోవైరస్‌లను వాడారు.

ఫైజర్, మోడెర్నా టీకాల్లో మోసే వైరస్సే లేదు. ఎంఆర్‌ఎన్‌ఏ అనే చీటీని కొవ్వు బుడగలో చుట్టి పంపుతారు. బయటినుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ మీద శరీరం తిరగబడుతుంది. అందులో ఒక అక్షరాన్ని కాస్త మారిస్తే ఆ గొడవ తగ్గుతుందని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. 2023లో నోబెల్ అందుకున్నారు. ఈ చీటీ కణకేంద్రకంలోకి పోదు, మన డీఎన్‌ఏను ముట్టదు, పనయ్యాక దానంతటదే ముక్కలైపోతుంది.

అంత నాజూకు కనుకనే దాన్ని దాచడమూ కష్టం. ఫైజర్ టీకాకు మొదట్లో మైనస్ 70 డిగ్రీల చలి కావాల్సి వచ్చింది. కోవాగ్జిన్, కోవిషీల్డ్‌లకు 2–8 డిగ్రీలు చాలు. అంటే పసిపిల్లల టీకాలు దాచే పల్లె ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్ సరిపోతుంది. మరోపక్క, వైరస్ వేషం మార్చినప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ చీటీని తిరగరాయడం తేలిక. చంపిన వైరస్ టీకాకైతే కొత్త వైరస్‌ను మళ్లీ పెంచుకుంటూ రావాలి. ఒకటి త్వరగా మారగలదు, మరొకటి మారుమూలకు చేరగలదు.

వరుసలోని ప్రశ్నకు నర్సమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది: “ఫ్రిజ్‌లో ఏది ఉంటే అదే!”