భద్రాద్రి పేరుతో అడవి సరుకు: బ్రాండు గుర్తింపు నిలిచేది ఎక్కడ?

2025 జూన్ 29న ప్రసారమైన 'మన్ కీ బాత్' కార్యక్రమంలో ప్రధానమంత్రి భద్రాచలం మహిళలు తయారుచేస్తున్న చిరుధాన్యాల బిస్కట్లను ప్రస్తావించారు. ఒకప్పుడు పొలాల్లో కూలి పనులు చేసుకొన్న మహిళలు స్వయం సహాయక సంఘాలలో చేరి, శిక్షణ పొంది తయారుచేస్తున్న ఈ బిస్కట్లు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అనే పేరుతో హైదరాబాదు నుండి లండను వరకు చేరుతున్నాయి. అదే మహిళలు 'గిరి శానిటరీ ప్యాడ్స్' పేరిట మూడు నెలల్లో 40,000 ప్యాడ్లు తయారుచేసి, పాఠశాలలకు, సమీప కార్యాలయాలకు తక్కువ ధరకు అందించిన విషయం కూడా ఆ ప్రసంగంలో ఉంది.

ఒక చిన్న సంఘం ఎంత సొమ్ము వెచ్చించినా ఇంతటి ప్రచారం పొందలేదు. అయితే ప్రచారం వేరు, బ్రాండు వేరు. రేడియోలో పేరు విన్న వ్యక్తి మొదటి ప్యాకెట్టు కొంటాడు. రెండవ ప్యాకెట్టు కొనేది మాత్రం మొదటిది తిన్న వ్యక్తి. పేరు గుర్తుండటానికి, గుర్తున్న పేరును మళ్లీ అడిగి కొనటానికి మధ్యనున్న దూరాన్ని ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఉత్పత్తులు ఎట్లా దాటగలవన్నది ఇక్కడి మహిళా సంఘాలకు, అటవీ ఫలసాయం సేకరించే కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఆదాయంతో ముడిపడిన ప్రశ్న.

పేరులోని మూడు మాటలు

'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అనే పేరును విడదీసి చూస్తే మొదటి మాట ఊరిని, రెండవది సరుకును తెలుపుతాయి. మూడవది ఏమీ చెప్పదు. 'మ్యాజిక్' అనే మాటను ఏ రాష్ట్రంలో ఏ సంస్థయినా ఏ వస్తువుకైనా తగిలించవచ్చు. 'మిల్లెట్' కూడా ఇప్పుడు అందరి మాటే. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఆ మాట లేని అట్టపెట్టె అంగళ్లలో అరుదైంది. కాబట్టి ఆ పేరులో బలమంతా 'భద్రాద్రి'లో ఉన్నది. తెలుగు ఇళ్లలో ఆ మాట వినగానే సీతారామచంద్రస్వామి ఆలయం, గోదావరి, శ్రీరామనవమి కల్యాణం, తలంబ్రాలు స్ఫురిస్తాయి. దీనిని ఏ ప్రకటనల సంస్థా కల్పించలేదు. తరతరాల భక్తి కల్పించినది.

చిక్కు కూడా అక్కడే ఉన్నది. ఊరి పేరు ఎవరి సొంతమూ కాదు. 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం ప్రకారం, సరుకు పుట్టిన చోటును మాత్రమే తెలిపే మాటను సాధారణంగా ఒకరి చిహ్నంగా నమోదు చేయరు. బొమ్మ, అక్షరాల తీరు కలిసిన మొత్తం చిహ్నాన్ని నమోదు చేసుకోవచ్చు గాని, అందులోని ఊరి పేరుపై గుత్తాధికారం లభించదు. ఎక్కడో తయారైన బిస్కటుకు మరొకరు భద్రాద్రి పేరు పెట్టి, ఆలయ గోపురం బొమ్మ అచ్చువేసి అమ్మితే, మహిళా సంఘం చేతిలో ఉండవలసిన రక్షణలను ముందుగానే ఆలోచించుకోవాలి.

అదే చట్టంలో సామూహిక చిహ్నం అనే ఏర్పాటు ఉన్నది. చిహ్నం ఒక సంఘం లేదా సమాఖ్య పేరిట నమోదవుతుంది. సభ్యులు దానిని వాడుకొంటారు. ఎవరు వాడవచ్చు, ఏ నాణ్యత పాటించాలి, పాటించకపోతే ఏమి చేయాలి అన్న నియమావళిని దరఖాస్తుతోపాటు దాఖలు చేయాలి. చాలా సంఘాలు చిహ్నం బొమ్మ గీయించడానికి చూపే ఉత్సాహం ఈ నియమావళి రాసుకోవటంలో చూపవు. నిజానికి బొమ్మ కన్నా నియమావళే విలువైనది. భౌగోళిక సూచిక మరొక మార్గం. తిరుపతి లడ్డూకు 2009లో, అరకు వేలీ అరబికా కాఫీకి 2019లో ఆ గుర్తింపు లభించింది. అయితే సరుకు ప్రత్యేకతకు, ఆ నేలకు లేదా అక్కడి పనితనానికి గల సంబంధాన్ని ఆధారాలతో చూపగలిగినప్పుడే అది లభిస్తుంది. కొత్తగా నేర్చుకొన్న బిస్కటుకు అది కష్టసాధ్యం. తరతరాలుగా సేకరిస్తున్న అటవీ ఫలసాయం విషయంలో ప్రయత్నానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది.

యాత్రికుని సంచి

భద్రాచలం ఉత్పత్తులకు లండను కన్నా దగ్గరి సంత ఆలయ వీధులలోనే ఉన్నది. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి వచ్చే జనసందోహం సరేసరి. మిగిలిన రోజులలో కూడా దర్శనం చేసుకొని, సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాల చూసి తిరిగి వెళ్లే కుటుంబాలు ఎన్నో. తెలుగువారిలో యాత్రకు వెళ్లినవారు ఒట్టి చేతులతో ఇంటికి తిరిగి రారు. తెచ్చిన ప్రసాదాన్ని ఇరుగుపొరుగుకు, బంధువులకు పంచిపెట్టడం ఆచారం. ఒకరు కొన్న సరుకు పది ఇళ్లలో రుచి చూడబడుతుంది. ఏ ప్రకటనా ఇవ్వలేని వినియోగదారు అనుభవం ఇది.

ఈ ఆచారాన్ని దృష్టిలో ఉంచుకొంటే ప్యాకింగు గురించిన ఆలోచన మారుతుంది. ఒకే పెద్ద ప్యాకెట్టు కన్నా, లోపల చిన్న చిన్న పొట్లాలుగా విడదీసిన పెట్టె పంచిపెట్టడానికి అనుకూలం. ప్రతి చిన్న పొట్లం మీదా పేరు ఉండాలి, లేకపోతే పదవ ఇంటివారికి అది ఏ ఊరిదో, ఎవరు చేసినదో తెలియదు. పెట్టె సంచిలో నిలబడేటట్లు, బస్సులో నలగనట్లు ఉండాలి. భద్రాచలం నుండి ఖమ్మం సుమారు 115 కిలోమీటర్లు. శ్రీరామనవమి తరువాత వచ్చే వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల చుట్టూ చేరుతుంది. ఆ ఎండలో కిటికీ పక్కన పెట్టిన ప్యాకెట్టు ఇంటికి చేరేసరికి పొడిగా మారితే, దాని మీద ఎంత అందమైన బొమ్మ ఉన్నా ప్రయోజనం లేదు.

చిరుధాన్యాల బిస్కటు పొడి కావడానికి కారణం ఉన్నది. గోధుమ పిండికి పట్టునిచ్చే గ్లూటెన్ వీటిలో ఉండదు. పట్టు కోసం మైదా కలిపితే బిస్కటు విరగదు గాని, కొన్నవారు కోరుకొన్నది తగ్గిపోతుంది. ఎంత కలిపినదీ ప్యాకెట్టు మీద శాతంలో స్పష్టంగా తెలపడం మంచిది. వెనుక సన్నని అక్షరాలలో 'మైదా' అని చదివినవారి నమ్మకం ఒక్క క్షణంలో పోతుంది. సజ్జ పిండి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులోని కొవ్వును లైపేజ్ అనే ఎంజైము విడగొట్టడం వలన పిండి కొద్ది రోజుల్లోనే ముక్కిన వాసన, చేదు సంతరించుకొంటుంది. గింజలను ముందుగా వేడితో శుద్ధిచేయడం, పిండిని అవసరమైనంత మాత్రమే ఆడించుకోవడం, తేమను, గాలిని ఆపే పొరలు గల సంచులు వాడడం వలన దీనిని అదుపు చేయవచ్చు. బ్రాండు నిర్మాణమంటే రంగులు, నినాదాలు అని భావించేవారికి ఇది సంబంధం లేని విషయంగా తోచవచ్చు. కాని నిలవ గడువులోపలే చేదెక్కిన బిస్కటు తిన్న వ్యక్తికి గుర్తుండేది ఆ చేదే.

తేనె సీసాలోని అపోహ

అడవి తేనెకు తెలుగునాట పరిచయం అక్కరలేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే జి.సి.సి., దశాబ్దాలుగా అమ్మిన గిరిజన్ తేనె అనేక ఇళ్లకు తెలుసు. మందులోకి తేనె కావాలంటే ఆ సీసానే వెదికి కొన్న తరం ఉన్నది. ఆ గుర్తింపు ఆకర్షణీయమైన సీసా వలన వచ్చినది కాదు. కల్తీ ఉండదన్న నమ్మకం వలన వచ్చినది.

ఆ నమ్మకానికి రెండు వైపుల నుండి ముప్పు ఉన్నది. మొదటిది తేమ. కొండ తేనెటీగ పట్టు నుండి తీసిన తేనెలో తేమ తరచుగా ఎక్కువగా ఉంటుంది. ఆహార భద్రతా ప్రమాణాలు తేనెలో తేమను 20 శాతానికి పరిమితం చేశాయి. అంతకు మించితే ఈస్టు వృద్ధిచెంది తేనె పులుస్తుంది, మూత ఉబ్బుతుంది. పట్టును మొత్తంగా కోసి చేతితో పిండినప్పుడు పిల్ల పురుగుల రసం, పుప్పొడి కూడా కలిసి ఈ సమస్య పెరుగుతుంది. మైనపు మూతలు పడిన తేనె భాగాన్ని మాత్రమే కోసి, పిండకుండా వడకట్టి, పిల్ల భాగాన్ని చెట్టుకే వదిలితే తేనె శుభ్రంగా ఉంటుంది, ఈగలు కూడా నిలుస్తాయి. సేకరణ కేంద్రంలో చిన్న రిఫ్రాక్టోమీటరు ఉంటే రెండు చుక్కలతో తేమ శాతం అక్కడికక్కడే తెలుస్తుంది.

రెండవది కొనుగోలుదారు అపోహ. చలికాలంలో సీసా అడుగున తేనె పేరుకొని గడ్డకడితే, 'పంచదార పాకం కలిపారు' అని చాలామంది నిర్ధారించుకొంటారు. స్వచ్ఛమైన తేనె కూడా అందులోని గ్లూకోజు వలన సహజంగానే పేరుకొంటుంది. గోరువెచ్చని నీటిలో సీసాను ఉంచితే తిరిగి కరుగుతుంది. ఈ రెండు వాక్యాలు సీసా మీద తెలుగులో ముద్రిస్తే ఎన్నో ఫిర్యాదులు పుట్టకముందే ఆగుతాయి. అదేవిధంగా రంగు. పూసే చెట్టును బట్టి, రుతువును బట్టి అడవి తేనె రంగు, రుచి మారుతాయి. ప్రతి సీసా ఒకే రంగులో ఉండాలని పట్టుబట్టి అన్నింటినీ కలిపి వేడిచేసేకన్నా, సేకరించిన నెల, ప్రాంతం సీసా మీద తెలిపి ఆ మార్పునే ప్రత్యేకతగా చూపడం తెలివైన పని. సంవత్సరం పొడవునా ఒకే రంగులో ఉండటం కర్మాగారపు సరుకుకు చెల్లుతుంది గాని అడవి సరుకుకు నప్పదు.

ఇప్పపువ్వు మోస్తున్న చెడ్డపేరు

ఈ అడవికి అత్యంత స్వంతమైన సరుకు ఇప్పపువ్వు. బ్రాండు దృష్టితో చూస్తే అత్యంత క్లిష్టమైనది కూడా అదే. ఇప్ప అనగానే పట్టణవాసికి సారా గుర్తుకు వస్తుంది. ఆదివాసులకు అది ఆహారం, నూనెనిచ్చే చెట్టు, పూజ్యమైనది. ఎండిన పువ్వులో చక్కెరలు సమృద్ధిగా ఉంటాయి. లడ్డూ, హల్వా, జామ్ వంటివి చేయవచ్చు. ఆదిలాబాదు వైపు ఉట్నూరు ప్రాంతంలో ఇప్పపువ్వు లడ్డూ ఇప్పటికే పేరు తెచ్చుకొన్నది. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ అడవుల నుండి ఎండబెట్టిన ఇప్పపువ్వు 2021 జూన్‌లో ఫ్రాన్సుకు ఎగుమతి అయింది.

సారాకైనా లడ్డూకైనా పువ్వు ఒకటే. తేడా అంతా సేకరణలో ఉన్నది. తెల్లవారుజామున రాలే పువ్వును ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులను తగులబెట్టడం పాత అలవాటు. దానివలన పువ్వుకు బూడిద, ఇసుక అంటుకొంటాయి. కొన్నిసార్లు మంట అడవికి పాకుతుంది. చెట్టు కింద వల కట్టి, నేల తాకకుండా పువ్వును పట్టి, పరదాల మీద శుభ్రంగా ఎండబెడితే అది ఆహార యోగ్యమైన సరుకు అవుతుంది. అడవిని కాల్చకుండా సేకరించిన పువ్వు అన్న ఒక్క మాట ఏ నినాదం కన్నా బలమైనది. కాని అది నిజమై ఉండాలి. ఒక గ్రామంలో వలలు కట్టి, మరొక గ్రామపు బూడిద పువ్వును అదే గోనెలో కలిపితే ఆ మాట అబద్ధమవుతుంది. అందుకే వల పువ్వును వేరుగా తూచి, వేరుగా నిలవచేసి, దానికి హెచ్చు ధర చెల్లించాలి. హెచ్చు ధర లేకుండా వల కట్టమని చెప్పే శిక్షణ తరగతులు మొదటి సంవత్సరం దాటి నిలవవు.

సరిహద్దుకు ఇరువైపులా

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దాని చుట్టూ ఉన్న గ్రామాలు, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం వేరుపడింది. అడవి మాత్రం విడిపోలేదు. భద్రాచలం అంగడిలో అమ్మే చింతపండు, తేనె గోదావరికి, శబరికి ఇరుపక్కలా ఉన్న ఏ గూడెం నుండైనా రావచ్చు. కాబట్టి ప్యాకెట్టు మీద 'భద్రాద్రి' అన్నది పాలనా సరిహద్దును తెలుపుతుందా, అడవిని తెలుపుతుందా అన్నది సంఘాలు ముందే నిర్ణయించుకొని, సామూహిక చిహ్నపు నియమావళిలో రాసుకోవాలి. లేకపోతే పేరు వృద్ధిలోకి వచ్చిన తరువాత, అవతలి గట్టు సేకర్తలను బయటివారుగా లెక్కించే పరిస్థితి వస్తుంది.

ఆ సేకర్త కూడా ఒక విధంగా సంస్థకు వినియోగదారే. డి.ఆర్. డిపోలో తన సరుకు తూచి ఇచ్చి, ఉప్పు, పప్పు, నూనె కొనుక్కొనే కుటుంబం తూకంలో న్యాయాన్ని, చెల్లింపులో ఆలస్యాన్ని గమనిస్తూనే ఉంటుంది. డబ్బు నెల తరువాత వస్తుందంటే శుభ్రమైన పువ్వు సంతలో ప్రైవేటు వర్తకుని కాటాకు పోతుంది, మిగిలినది డిపోకు వస్తుంది. ప్యాకెట్టు మీద తలపాగా, కొమ్ముల నృత్యం బొమ్మ వేసి లోపల ఈ మిగులు సరుకు నింపితే ఆ బొమ్మ ఆదివాసులకే అపకీర్తి తెస్తుంది.

ఆచరణలో ఒక చిన్న ఏర్పాటు ఈ రెండు చివరలను కలుపుతుంది. ప్రతి డబ్బాకు, గోనెకు సేకరించిన గూడెం, తేదీ, తేమ శాతం రాసిన చీటీ కట్టి, అదే సంఖ్యను ప్యాకెట్టు మీద బ్యాచి సంఖ్యగా ముద్రించాలి. వరంగల్లులోనో లండనులోనో ఎవరైనా ఫోను చేసి తేనె పులిసిందని చెబితే, ఆ సంఖ్య ఆధారంగా ఏ డబ్బా నుండి వచ్చినదో రిజిస్టరులో చూసి, మిగిలిన సీసాలను వెనక్కు పిలిపించి, ఆ గూడెంలో తదుపరి కోతకు ముందే మాట్లాడవచ్చు. ఫోను ఎత్తే మనిషి సంఘం సభ్యురాలే అయి ఉండటం మంచిది; సరుకు ఎట్లా తయారైందో ఆమెకు తెలుసు. ఈ రిజిస్టరుకు అయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం, నెలకు కొన్ని గంటల శ్రమ. దానిని ఇప్పపువ్వు రాలే మార్చి నెలకు ముందే మొదలుపెట్టడం అనుకూలం, పువ్వు మొదలైతే గూడెంలో ఎవరికీ తీరిక ఉండదు.